తోటి విద్యార్థి మత్తు: ఎవరికి చెప్పవలెను?

నాలుగున్నర సంవత్సరముల వైద్యవిద్య ముగించి, బోధనాసుపత్రిలో ఒక ఏడాది హౌస్ సర్జనులుగా పనిచేయుచున్న ఇద్దరు యువకులను ఊహించుకొనవచ్చును. హాస్టలులో ఇద్దరిదీ ఒకే గది. వారిలో ఒకడు శనివారము రాత్రి మేడమీదికి పోయి గంజాయి త్రాగును. ఆదివారము ప్రొద్దెక్కువరకు నిద్రించును. సోమవారము ఉదయము తెల్లకోటు తొడిగికొని అందరికంటె ముందుగా వార్డులో నిలుచును. రక్తము తీయును, సెలైను ఎక్కించును, కుట్లు వేయును. పనిలో చురుకైనవాడనియే అతనికి పేరు. రెండవవాడు ఇది యంతయు ఎరుగును. ఎరిగియు ఆరునెలలుగా ఎవరితోను అనలేదు.

"ఆదివారం నాది, సోమవారం ఆసుపత్రిది. డ్యూటీలో నేనెప్పుడైనా తప్పు చేశానా, చెప్పరా?" అని ఆ స్నేహితుడొకనాడు నవ్వుచు అడిగెను. రెండవవానికి సమాధానము తోచలేదు. బయటపెట్టినచో స్నేహితుని చదువు మట్టిపాలగునేమో! ఆ యింట అతడే మొదటి డాక్టరు. అతని తండ్రి ఆ చదువునకై పొలము తాకట్టు పెట్టియున్నాడు. బయటపెట్టకున్నచో ఏదో ఒకనాడు ఒక రోగి ప్రాణముమీదికి వచ్చునేమో! ఇవి చాలక, హాస్టలులో చాడీలు చెప్పువాడను పేరు వచ్చినచో ఆ ఏడాది యంతయు ఒంటరిగా భోజనము చేయవలసివచ్చును. ఈ చిన్న భయమే తక్కిన పెద్ద భయములకంటె ఎక్కువమంది నోళ్లు మూయించుచున్నదని చెప్పినను తప్పులేదు.

గంజాయి త్రాగిన ప్రతివాడును వ్యసనపరుడు కాడు. కేంద్ర సాంఘిక న్యాయ మంత్రిత్వశాఖ తరఫున ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించి 2019లో ప్రకటించిన సర్వేను బట్టి, 10 మొదలు 75 సంవత్సరముల వయస్సుగల భారతీయులలో సుమారు 3 కోట్ల 10 లక్షలమంది అంతకు ముందటి ఏడాదిలో భంగు, గంజాయి, చరస్సులలో ఏదో ఒకదానిని వాడియుండిరి. వారిలో వైద్యసహాయము అవసరమైనంతగా చిక్కుపడినవారు సుమారు 72 లక్షలు. అనగా నలుగురిలో ఒకనికి కొంచెము తక్కువ. తక్కిన ముగ్గురిని చూపి ధైర్యము చెప్పుకొనువారు కలరు. కాని ఆ నలుగురిలో తాను ఎన్నవవాడో త్రాగువానికే తెలియదు. గదిలో ప్రక్క మంచముమీదివానికి తెలియుట మరింత కష్టము.

సెలవు దినమున చేసినదానికి డ్యూటీతో పనిలేదను వాదమును శరీరధర్మము అంతగా అంగీకరింపదు. గంజాయి పొగ పీల్చిన కొద్ది నిమిషములలోనే మత్తు ఆరంభమై, సుమారు అరగంటకు ముదిరి, రెండు మూడు గంటలలో చాలవరకు తగ్గును. భంగు త్రాగినను, తినుబండారములలో కలిపి తినినను, మత్తు ఎక్కుటకే అరగంట మొదలు రెండు గంటలు పట్టును. ఎక్కినది ఆరేడు గంటలును అంతకు మించియు నిలుచును. ఈ కాలములో అవధానము సడలును, క్షణము క్రింద విన్న మాట మరపునకు వచ్చును, కాలపరిమాణము తెలియదు. తరచుగా వాడువారిలో ఈ మాంద్యము కొంతవరకు దినములతరబడి నిలిచియుండవచ్చును. దీని అవశేషములు క్రొవ్వులో చేరి మెల్లమెల్లగా విడుదల యగుటచేత, ఎప్పుడో ఒకసారి త్రాగినవాని మూత్రములో కొన్ని దినములును, నిత్యము త్రాగువాని మూత్రములో కొన్ని వారములును కానవచ్చును. కావున మూత్రపరీక్ష ఒకడు గంజాయి వాడినాడని చెప్పగలదే గాని, సోమవారము ఉదయము రోగి ప్రక్కన నిలిచిన గడియలో మత్తులో ఉన్నాడో లేదో చెప్పజాలదు. ఆ సంగతి ఎరిగినవాడు, ఉన్నచో, తోటివాడే.

ఒక ఆదివారము రాత్రి పది గంటలకు బస్సు ప్రమాదములో గాయపడినవారిని ఆసుపత్రికి తెచ్చిరి. హాస్టలులో ఉన్న హౌస్ సర్జనులందరికిని కబురు వచ్చినది. మొదటివాడు తొమ్మిదింటికే మేడమీదికి పోయి వచ్చియుండెను. ఐనను పిలుపు వినగానే లేచి పరుగెత్తెను. రానని చెప్పుట అతనికి సిగ్గనిపించినది. క్యాజువాలిటీలో అతడు సిరంజిలోనికి ఎక్కించుటకు తీసిన గాజుబుడ్డి సెలైనుది కాదు, పొటాషియం క్లోరైడుది. ఆ మందును సెలైనులో బాగుగా పలుచన చేసి మెల్లగా ఎక్కింపవలెను. ఉన్నదున్నట్లు నరములోనికి నెట్టినచో గుండె ఆగిపోవును. ప్రక్కనున్న సిస్టరు చీటీ చదివి అతని చేయి పట్టుకొన్నది. ఎవరికిని ఏమియు కాలేదు. ఇట్టి పొరపాటు మత్తు ఎరుగనివాడును చేయవచ్చును. ఎడతెగని డ్యూటీలతో నిద్రలేక తూగుచున్న హౌస్ సర్జనులు ప్రతి ఆసుపత్రిలోను ఉన్నారు, ఆ సంగతి వేరుగా విచారింపదగినది. కాని ప్రక్క బల్లవద్ద కట్టు కట్టుచున్న గదిస్నేహితుడు అతని కన్నులు చూచినాడు. ఆదివారమునకు సోమవారమునకు నడుమ ఉన్నదని ఇద్దరును నమ్మిన గోడ ఆ రాత్రి కూలిపోయినది.

తోటివాని వ్యసనమును దాచుటయా, వెల్లడించుటయా అను ప్రశ్న వైద్యవృత్తికి క్రొత్తది కాదు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అను వైద్యుడు కొకెయినుతో కంటిని మొద్దుబార్చవచ్చునని చూపిన పిమ్మట, అమెరికాలో న్యూయార్కు నగరమున విలియం హాల్‌స్టెడ్ అను యువ శస్త్రవైద్యుడు ఆ మందును నరముల చెంత ఎక్కించి ప్రయోగములు చేసెను. ప్రయోగములు తనపైనను, తన సహచరులపైనను, విద్యార్థులపైనను. ఫలితముగా వారిలో పలువురు కొకెయినుకు బానిసలైరి. కొందరు మరల తేరుకొనలేదు. హాల్‌స్టెడ్ తేరుకొనుటకు తోడ్పడినవాడు అతని మిత్రుడు విలియం వెల్చ్. 1886లో హాల్‌స్టెడ్ బట్లర్ ఆసుపత్రిలో చికిత్సకు చేరెను. తరువాత వెల్చ్ అతనిని బాల్టిమోరు నగరమునకు రప్పించి తన ప్రయోగశాలలో చోటిచ్చెను. ఇచ్చట గమనింపదగినదొకటి కలదు. వెల్చ్ తన మిత్రుని చేతికి వెంటనే రోగులను అప్పగింపలేదు. హాల్‌స్టెడ్ ఆ ప్రయోగశాలలో కుక్కల ప్రేగులపై కుట్ల తీరును పరిశోధించుచు కాలము గడపెను. ఆ పిమ్మటనే జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో శస్త్రవైద్య విభాగమునకు పెద్ద యయ్యెను. ఆపరేషను గదిలో రబ్బరు చేతితొడుగుల వాడుకకు ఆద్యుడయ్యెను.

ఐనను కథ అంతటితో ముగియలేదు. కొకెయిను స్థానమును మార్ఫియా ఆక్రమించినది. సహాధ్యాపకుడైన విలియం ఆస్లర్ ఆ సంగతి గ్రహించియు, ఒక రహస్య పత్రములో మాత్రమే వ్రాసి ముద్రవేసి ఉంచెను. 1922లో హాల్‌స్టెడ్ మరణించెను. ఆ పత్రము 1969లో గాని లోకమునకు వెల్లడి కాలేదు. వెల్చ్ చేసినది స్నేహమనుటకు సందేహము లేదు. ఆస్లర్ మౌనమును ఏమనవలెనో చెప్పుట అంత సులభము కాదు.

మన దేశమునకు వచ్చినచో, ఈ విషయమున ముఖ్యమైన శాసనము 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము. గంజాయి సేవించినందుకు ఆరునెలలవరకు జైలు గాని, 10,000 రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. కొకెయిను, మార్ఫియా, హెరాయినులకైనచో ఒక సంవత్సరమువరకు కఠిన కారాగారము గాని, 20,000 రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని. విద్యార్థులలో చాలమందికి తెలియని నిబంధన మరొకటి కలదు. తన స్వాధీనమునందున్న గదిని అట్టి నేరమునకు తెలిసి వాడనిచ్చినవానికిని ఆ నేరమునకు గల శిక్షయే వర్తించును. కావున స్నేహితుడు మేడను విడిచి గదిలోనే పొగ త్రాగుటకు ఆరంభించిననాడు రెండవవాని మౌనము కేవలము మౌనముగా నిలువదు. నలుగురికొరకు సరుకు కొని తెచ్చి పంచువాడు తనను విక్రేతగా ఎంచుకొనకపోవచ్చును. చట్టము అతనిని కేవలము సేవించినవానిగా చూడదు.

కాని ఈ చట్టములోనే ఒక తలుపు తెరచియున్నది. సేవించినందుకో, స్వల్ప పరిమాణము కలిగియున్నందుకో నేరారోపణకు గురియైన వ్యసనపరుడు తానై ముందుకు వచ్చి, ప్రభుత్వము నిర్వహించు లేక గుర్తించిన ఆసుపత్రిలో చికిత్స పొందినచో, అతనిపై ప్రాసిక్యూషను ఉండదని 64-ఏ విభాగము చెప్పుచున్నది. చికిత్సను నడుమ విడిచినచో ఈ రక్షణ తొలగింపబడవచ్చును. మరియు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మాదకద్రవ్యములవలన కలుగు మానసిక స్థితులను గూడ అనారోగ్యముగనే పరిగణించి, రోగి సంగతులను గోప్యముగా ఉంచు హక్కును ఇచ్చినది. ఇతరుల ప్రాణమునకు ముప్పు వంటి కొన్ని సందర్భములు మాత్రమే ఇందుకు మినహాయింపులు.

దీనిని బట్టి చూడగా, చెప్పవలెనా వద్దా అనుదానికంటె ఎవరికి, ఎప్పుడు చెప్పవలెను అనునదే అసలు ప్రశ్న. మొదట చెప్పవలసినది ఆ స్నేహితునికే. అదియు అతడు మత్తులో లేనప్పుడు, నలుగురి యెదుట గాక, తాను కన్నులార చూచినదానిని మాత్రమే. "నీవు గంజాయి బానిసవు" అనుటకు గదిస్నేహితునికి అర్హత లేదు. "ఆదివారం రాత్రి నీ చేతిలో ఉన్న మందు ఏదో నేను చూశాను" అనుటకు పూర్తిగా ఉన్నది. విన్న మాటలను చేర్చుట కూడదు. ద్వేషముతో తప్పుడు సమాచారమిచ్చి అరెస్టుకో సోదాకో కారకుడైనవానికి రెండు సంవత్సరములవరకు జైలుశిక్ష కలదని అదే చట్టము హెచ్చరించుచున్నది.

స్నేహితుడు వినకున్నచో, రోగుల బాధ్యత గల పెద్దకు చెప్పవలెను. అతడు యూనిటు అధిపతి కావచ్చును, మానసిక వైద్య విభాగములోని ఆచార్యుడు కావచ్చును. సహవైద్యుని అసమర్థతను, అనుచిత ప్రవర్తనను భయపక్షపాతములు లేక బయటపెట్టవలెనని 2002 నాటి వైద్య నీతినియమావళి బోధించుచున్నది. ఆ నియమము పుట్టినది రోగి రక్షణకొరకు గాని పగ తీర్చుకొనుటకు కాదు. రోగికి ఏ సంబంధమును లేని చోట, అనగా స్నేహితుడు చరిత్రనో లెక్కలనో చదువుకొనువాడై, సెలవులలో ఎప్పుడో ఒకసారి త్రాగువాడైనచో, తొందరపడి అధికారులవద్దకు పరుగెత్తవలసిన పనిలేదు. ఐతే అదే స్నేహితుడు మోటారు సైకిలు తాళము చేతికి తీసికొన్న క్షణమున సంగతి మారిపోవును. సరుకు తెచ్చి హాస్టలులో అమ్మువాని విషయము వేరు. 2024 జూలైలో కేంద్రప్రభుత్వము ఆరంభించిన 1933 నంబరు ముఖ్యముగా అట్టివారిని గూర్చి సమాచారమిచ్చుటకే ఏర్పడినది. సమాచారము ఎవరివలన తెలిసినదో వెల్లడింపుమని అధికారిని నిర్బంధించుటకు వీలులేదని చట్టము చెప్పుచున్నది.

ఒక్క గంటయైనను ఆలస్యము చేయరాని సందర్భములు కొన్ని కలవు. వార్డులోని పెంటజొసిను, ఫెంటనిల్ వంటి ఇంజెక్షన్లు లెక్కకు రాకుండుట, రోగికి వ్రాసిన మందు రోగికి చేరకుండుట, స్నేహితుని ముంజేతిపై సూదిగ్రుచ్చిన గుర్తులు కనబడుట. ఇచ్చట ఆపరేషను నొప్పితో మూలుగుచున్న రోగి తనకు రావలసిన మందును కోల్పోవుచున్నాడు. కావున స్నేహితుని అనుమతికొరకు ఎదురుచూడవలసిన పనిలేదు. చచ్చిపోవలెనని స్నేహితుడు అనినపుడును అంతే. మనిషి పిలిచినను పలుకక, కనుపాపలు సూదిమొనవలె కుంచించుకొని, ఊపిరి మందగించినచో అది నల్లమందు జాతి మందులు మితిమీరినందుకు గుర్తు. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఊపిరి ఆడుచున్నచో ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. ఏమి తీసికొన్నాడో డాక్టరుకు దాచక చెప్పవలెను. విరుగుడుగా నలోక్సోను అను మందున్నది. పోలీసులు వత్తురేమోనని తలుపు గడియ వేసికొని తెల్లవారువరకు చూచెదమనుకొన్నచో, తెల్లవారుసరికి చేయగలిగినది ఏమియు ఉండకపోవచ్చును.

ఆ హౌస్ సర్జను సోమవారము సాయంకాలము స్నేహితునితో మాటాడెను. గురువారము రాత్రి తిరిగి క్యాజువాలిటీ డ్యూటీ వచ్చులోపల తానే యూనిటు అధిపతికి చెప్పుకొనవలెననియు, లేనిచో తాను చెప్పుదుననియు, పోలీసులకు మాత్రము పోననియు తెలిపెను. "నీ కోటుకు మచ్చ లేదనుకుంటున్నావా?" అని మొదటివాడు కోపగించి మూడు దినములు ముఖము చూడలేదు. రెండవరోజు రాత్రి ఎవరికిని తెలియకుండ 14446 నంబరుకు ఫోను చేసినట్లు అతడు తరువాత చెప్పెను. అది వ్యసన విముక్తికై కేంద్ర సాంఘిక న్యాయ మంత్రిత్వశాఖ నడుపు ఉచిత ఫోను. మానసిక క్షోభకు 14416 నంబరుగల టెలీ మానస్ రాత్రింబవళ్లు తెలుగులో గూడ పలుకును.

గురువారము ఉదయము అతడు స్వయముగా యూనిటు అధిపతివద్దకు పోయెను. కొన్ని వారములు అతనిని క్యాజువాలిటీనుండి తప్పించి, రోగుల రికార్డుల పని అప్పగించిరి; అన్ని దినములు ఇంటర్నుషిప్పు పొడిగింపబడినది. ఇంటికి ఏమని వ్రాయవలెనో తెలియక అతడు చాలదినములు బాధపడెను. గదిలో ఇద్దరికిని మాటలు పూర్వమువలె సాగలేదు. ఐనను మొదటిరోజు మానసిక వైద్య విభాగమునకు పోవునపుడు రెండవవాడు తోడు వెళ్లెను. ఓ.పి. చీటీల కిటికీవద్ద వారిని ఎరిగిన గుమాస్తా, "పేషెంటు ఎవరు సార్?" అని రెండవవానినే అడిగెను. అతడు ఏమి చెప్పవలెనో తోచక నిలుచుండగా, మొదటివాడు ముందుకు జరిగి తన పేరు చెప్పి చీటీ తీసికొనెను.