హవానా వెళ్ళొద్దామా? ముందు పాస్‌పోర్టు చూసుకోండి!

విదేశీ ప్రయాణం అనగానే మన ఆడవాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఖర్చు. ఆ తర్వాత పిల్లల సెలవులు, ఇంటి తాళం ఎవరికివ్వాలి, పాలవాడికేం చెప్పాలి... ఇవే ఆలోచనలు. వీసా సంగతి మగవాళ్ళు చూసుకుంటారులే అనుకుంటాం. చాలా దేశాలకి అలా సరిపోతుంది కూడా. కానీ కరీబియన్ సముద్రంలో క్యూబా అని ఒక ద్వీపం ఉంది. అక్కడికి వెళ్ళాలంటే మాత్రం కాగితాల సంగతి ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవలసిందే. ఒకే కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళకి కూడా అక్కడ ఒకే రూలు వర్తించదు మరి!

మా పెద్దమ్మగారింట్లో ఇప్పుడు ఈ చర్చే నడుస్తోంది. పెద్దమ్మ ఉండేది విజయవాడలో. పెద్దక్క న్యూజెర్సీలో స్థిరపడి అమెరికా పౌరురాలైంది. చిన్నక్కది లండన్, బ్రిటిష్ పాస్‌పోర్టు. తల్లీకూతుళ్ళు ముగ్గురూ, సంసారాలు పక్కనబెట్టి, ఎక్కడైనా పదిరోజులు గడపాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నారు. పెద్దక్క అక్కడి పిల్లలకి కూచిపూడి నేర్పుతుంది. అందుకే ఆమె నోట వచ్చిన మొదటి పేరు హవానా. ఇరవయ్యేళ్ళ వయసు నుంచే చూపు మందగించినా డెబ్భయ్యో పడిలో కూడా వేదికెక్కిన బ్యాలే నర్తకి అలీసియా అలోన్సో ఊరది. 1948లో ఆమె పెట్టిన నృత్య బృందమే తర్వాత క్యూబా జాతీయ బ్యాలే అయింది. 2019లో, తొంభై ఎనిమిదేళ్ళ వయసులో ఆమె కన్నుమూసింది. "ఆవిడ నడిచిన ఊరు ఒక్కసారి చూసి రావాలే" అన్నది పెద్దక్క కోరిక.

మరి అడ్డేమిటి? అమెరికా దక్షిణపు కొస నుంచి క్యూబాకి తొంభై మైళ్ళు. అంటే దాదాపు మన విజయవాడ నుంచి రాజమండ్రి అంత దూరం. అంత దగ్గర దేశాలూ అరవై ఏళ్ళకి పైగా ఎడమొహం పెడమొహంగానే ఉన్నాయి. 1959లో ఫిడెల్ కాస్ట్రో విప్లవం గెలిచింది, అమెరికన్ల ఆస్తులు జాతీయమయ్యాయి. 1962 ఫిబ్రవరిలో కెన్నెడీ వాణిజ్య నిషేధం విధించాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా ఒకరు ముడి వదులు చేయడం, ఇంకొకరు బిగించడం! 2014 డిసెంబరులో ఒబామా స్నేహహస్తం చాచాడు, 2016 మార్చిలో స్వయంగా హవానా వెళ్ళాడు. 2017లో, మళ్ళీ 2019లో ట్రంప్ బిగించాడు, ఓడల మీద విహారయాత్రలు ఆగిపోయాయి. 2022లో బైడెన్ కొంత సడలించాడు. 2025లో ట్రంప్ తిరిగి రాగానే మళ్ళీ బిగింపు. అందుచేత పోయినేడాది ఎవరో వెళ్ళొచ్చారు కదా అని వాళ్ళ మాట పట్టుకుని బయల్దేరకూడదు. టికెట్టు కొనే వారం ఏ నియమం అమల్లో ఉందో చూసుకోవాలి.

ఇక్కడో తమాషా ఉంది. క్యూబాలో అడుగు పెట్టవద్దని అమెరికా చట్టం ఎక్కడా అనదు. అక్కడ డబ్బు ఖర్చు పెట్టవద్దంటుంది! ఖర్చు పెట్టకుండా పరాయి దేశంలో ఎవరైనా ఒక పూటైనా ఎలా ఉంటారు? అందుకని పన్నెండు రకాల కారణాలకి మినహాయింపు ఇచ్చారు. బంధువుల్ని చూడటం, పత్రికా పని, చదువు, మతకార్యం లాంటివి. సముద్రపొడ్డున పడుకోవడానికి, ఊరికే చూసి రావడానికి మాత్రం కుదరదు. అలాంటి విహారాన్ని 2000 సంవత్సరంలో అక్కడి పార్లమెంటే చట్టం చేసి మూసేసింది. కాబట్టి ఆ తలుపు తెరవడం ఏ అధ్యక్షుడి చేతిలోనూ లేదు.

పెద్దక్క లాంటి వాళ్ళకి పనికొచ్చేది ఆ పన్నెండింటిలో 'క్యూబా ప్రజలకి తోడ్పాటు' అనే విభాగం. దీనికి అర్జీ పెట్టి అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు. టికెట్టు కొనేటప్పుడు విభాగం పేరు చెబితే చాలు. కానీ షరతులున్నాయి. ప్రభుత్వ హోటళ్ళలో చాలావాటిని 2020లో నిషేధ జాబితాలో పెట్టారు కాబట్టి వాటిలో దిగకూడదు. అక్కడి మామూలు సంసారుల ఇళ్ళల్లో గది అద్దెకి తీసుకోవాలి. ఈ ఇళ్ళని కాసా పర్టిక్యులర్ అంటారు. భోజనం సొంతంగా నడుపుకునే చిన్న హోటళ్ళలో చెయ్యాలి. కొనేదేదైనా చిల్లర వ్యాపారుల దగ్గర కొనాలి. రోజంతా అక్కడి మనుషులతో కలిసే కార్యక్రమాలుండాలి, ఖాళీగా తిరిగే సమయం ఎక్కువ ఉండకూడదు.

ఇదంతా విన్నాక నాకైతే నవ్వొచ్చింది. ఒకరింట్లో దిగడం, ఆ ఇల్లాలితో వంటింట్లో కబుర్లు, వీధిచివరి కొట్లో కొనుక్కోవడం... మన అమ్మమ్మలు కాశీ వెళ్ళినా ఇలాగే కదా వెళ్ళింది! వాళ్ళకి ఏ చట్టమూ చెప్పలేదు, అంతే తేడా.

పెద్దక్క కార్యక్రమం రాయడం మొదలెట్టేసింది. పొద్దున ఇంటి దగ్గర పాఠాలు చెప్పుకుని బతికే నాట్యం టీచరు దగ్గర రుంబా నేర్చుకోవడం. ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్ళ పాటలోంచి పుట్టిన నృత్యం ఇది. 2016లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. మధ్యాహ్నం చిత్రకారుల ఇళ్ళకి వెళ్ళడం. సాయంత్రం పాత హవానా వీధుల్లో, 1982లోనే ప్రపంచ వారసత్వంగా గుర్తించిన ఆ పాత మేడల మధ్య, అక్కడి మనిషినే వెంటబెట్టుకుని నడక. ఏ రోజు ఎక్కడున్నదీ, ఎవరిని కలిసిందీ, ఎంత ఇచ్చిందీ పుస్తకంలో రాసుకోవాలి, బిల్లులు దాచుకోవాలి. ఎన్నాళ్ళనుకున్నారు? ఐదేళ్ళుండేది, 2025 మార్చి నుంచి పదేళ్ళు చేశారు! పాలలెక్క, చీటీల లెక్క రాసుకునే మనకి ఇదేమంత కష్టం కాదు గానీ, పుస్తకం పదేళ్ళు పోకుండా చూసుకోవడమే గొప్ప.

ఇక చిన్నక్క. ఆమె దగ్గరున్నది అందరూ అసూయపడే పాస్‌పోర్టు. లండన్ నుంచి హాయిగా హవానా వెళ్ళొచ్చు, బ్రిటన్ ఏమీ అనదు. చిక్కు తర్వాత వస్తుంది. బ్రిటిషు వాళ్ళు అమెరికా వెళ్ళాలంటే వీసా అక్కర్లేదు, కంప్యూటర్లో ఎస్టా అనే అనుమతి తీసుకుంటే చాలు. అయితే 2021 జనవరి 12 తర్వాత ఒక్కసారైనా క్యూబాలో అడుగుపెట్టిన వాళ్ళకి ఆ సౌకర్యం లేదు. ఉగ్రవాదానికి తోడ్పడే దేశాల జాబితాలో ఆ రోజున క్యూబాని మళ్ళీ చేర్చారు, దాని పర్యవసానం ఇది. 2025 జనవరిలో బైడెన్ పోతూపోతూ ఆ పేరు తీసేస్తున్నానని ప్రకటించాడు, వారం తిరక్కుండానే ట్రంప్ వచ్చి ఆ నిర్ణయాన్ని రద్దు చేశాడు. దాంతో ఒకసారి క్యూబా వెళ్ళిన బ్రిటిష్ పౌరురాలు ఆ తర్వాత అమెరికా వెళ్ళాలంటే మామూలు వీసాకి అర్జీ పెట్టుకుని, ఇంటర్వ్యూకి వెళ్ళి, తేదీ కోసం పడిగాపులు కాయాలి.

వచ్చే ఏడాది పెద్దక్క కూతురి పెళ్ళి న్యూజెర్సీలో. పిన్ని లేకుండా పెళ్ళేమిటి? పదిరోజుల సరదా కోసం ఆ పెళ్ళికి వెళ్ళలేకపోతేనో? ఫోన్లో ఇద్దరికీ ఈ మాట మీదే చిన్న అలక కూడా వచ్చింది. "నీకేమే, నువ్వు తిరిగి మీ ఇంటికెళ్ళిపోతావు, నేను ఎంబసీ గుమ్మంలో నిలబడాలి" అని చిన్నక్క. చివరికి పెద్దమ్మే తేల్చింది, ముందు చిన్నక్క అమెరికా వీసాకి పెట్టుకోవాలి, అది చేతికొచ్చాకే హవానా టికెట్లు అని. ఇప్పుడు ఆ పనిలో ఉన్నారు. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా లాంటి దేశాల పౌరసత్వం తీసుకున్న మన పిల్లలందరూ తెలుసుకోవలసిన సంగతి ఇది. చాలామందికి తెలియదు. అమెరికా ఆఫీసు పని మీద ఏటా వెళ్ళొచ్చే వాళ్ళయితే మరీ ఆలోచించుకోవాలి.

మూడో పాస్‌పోర్టు పెద్దమ్మది, మన దేశానిది. ఎక్కడికెళ్ళినా వీసా అని క్యూలో నిలబెట్టే పాస్‌పోర్టు ఈ ఒక్కచోట అన్నిటికన్నా తేలిక! మనకి ఎస్టా సౌకర్యం ఎప్పుడూ లేదు, కాబట్టి పోయేదీ లేదు. పెద్దమ్మ దగ్గర అమెరికా విజిటర్ వీసా పదేళ్ళది ఉంది. ఆమె విజయవాడ నుంచి యూరపు మీదుగానో ఇస్తాంబుల్ మీదుగానో నేరుగా హవానా వెళితే అమెరికా నియమాలతో పనే లేదు. దారిలో విమానం మారే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో మాత్రం అడిగి తెలుసుకోవాలి. అలాకాకుండా కూతురింట్లో నెలరోజులుండి అక్కణ్ణుంచి బయల్దేరితే కథ వేరు. అమెరికా నేల మీద ఉన్నవాళ్ళు, ఏ దేశస్థులైనా సరే, ఆ చట్టం పరిధిలోకే వస్తారు. అప్పుడు ఆమె కూడా కూతురిలాగే విభాగం పేరు చెప్పాలి, బిల్లులు దాచుకోవాలి.

అక్కడ చదువుకుంటున్న మన పిల్లలకి ఇంకో జాగ్రత్త. పాస్‌పోర్టు మీద వీసా ముద్ర గడువు తీరిపోయినా, కెనడా, మెక్సికో, దగ్గరి ద్వీపాలకి నెలరోజుల లోపు వెళ్ళి రావడానికి విద్యార్థులకి ఒక వెసులుబాటు ఉంది. ఆ ద్వీపాల్లోంచి క్యూబాని పేరుపెట్టి మరీ మినహాయించారు. స్నేహితులతో సరదాగా వెళ్ళి తిరిగి రాలేక ఇరుక్కుంటే చదువే పోతుంది.

క్యూబా వైపు నుంచి ఇంత పేచీ లేదు. అందర్నీ రమ్మంటుంది. ఇదివరకు కాగితపు టూరిస్టు కార్డు ఇచ్చేవారు, 2025 జులై నుంచి ఈ-వీసా. ప్రయాణానికి వారం లోపు కంప్యూటర్లో ఒక ఫారం నింపాలి. ఆరోగ్య బీమా తప్పనిసరి. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం, డిసెంబరు నుంచి మార్చి దాకా వాతావరణం హాయి. అమెరికా బ్యాంకుల కార్డులు అక్కడ పనిచెయ్యవు. మొత్తం ఖర్చు నగదుగానే పట్టుకెళ్ళాలి. మూడు నాలుగు చోట్ల విడివిడిగా దాచుకోవడం మనకి ఒకరు నేర్పాలా!

అసలు ఇబ్బంది కరెంటు. 2024 అక్టోబరు 18న దేశం మొత్తం ఒక్కసారిగా చీకటైపోయింది. ఆ తర్వాత కూడా అలా చాలాసార్లు జరిగింది. ఇంధనం కొరత ఎక్కువ, దాన్నిబట్టి బస్సులూ విమానాలూ కూడా మారిపోతుంటాయి. గది మాట్లాడుకునేటప్పుడే ఇన్వర్టరు గానీ జనరేటరు గానీ ఉందా, నీళ్ళ ట్యాంకు ఉందా అని అడగాలి. పెద్దమ్మకి ఇది చెబితే, "కరెంటు పోవడం మనమెరగనిదా? విసనకర్ర పెట్టుకుంటాన్లే" అంది. ఆమె బీపీ మాత్రలు మాత్రం రెండింతలు పెట్టుకోమన్నాను. అక్కడ మందుల షాపుల్లో దొరుకుతాయన్న నమ్మకం లేదు.

తిండి విషయంలో మనవాళ్ళు భయపడనక్కర్లేదు. అన్నం, నల్లచిక్కుడు గింజల పులుసు వాళ్ళ రోజువారీ భోజనం. కర్రపెండలం ఉడికించి వెల్లుల్లి, పుల్లనారింజ రసం పోస్తారు. పచ్చి అరటికాయ ముక్కల్ని వేయించి, నొక్కి, మళ్ళీ వేయిస్తారు. శాకాహారులు ఒక్కటి గట్టిగా చెప్పాలి. గింజల్లో పందికొవ్వు వెయ్యడం అక్కడ మామూలు, వద్దని ముందే చెప్పి వండించుకోవాలి. కారం మాత్రం ఉండదు. కందిపొడి పొట్లం సంచిలో ఉండాల్సిందే.

1962 నుంచి వాళ్ళకి రేషను పుస్తకముంది. అది పట్టుకుని వరసలో నిలబడి తెచ్చుకున్నవి నెలాఖరు దాకా చాలని ఇల్లాళ్ళ మధ్యకి మనం వెళుతున్నామన్న సంగతి గుర్తుంచుకోవాలి. నొప్పి మాత్రలు, సబ్బులు, శానిటరీ న్యాప్‌కిన్లు, సూదీ దారం, పిల్లల పెన్సిళ్ళు ఇవ్వగలిగితే చాలా సంతోషిస్తారు. ప్రయాణికులు తెచ్చే తిండి వస్తువులకీ మందులకీ 2021 జులైలో సుంకం తీసేసి, ఆ గడువు పొడిగిస్తూ వచ్చారు. కొత్త గడువు బయల్దేరే ముందు కనుక్కోండి.

నాకైతే అక్కడి ఆడవాళ్ళని అడగాలని ఒక ప్రశ్న ఉంది, పెద్దక్కకి రాసిచ్చాను. ఇంటిపనిలో భార్యాభర్తలకి సమాన బాధ్యత ఉందని 1975లోనే వాళ్ళు కుటుంబ చట్టంలో రాసుకున్నారు. 2022లో ప్రజల ఓటుతో కొత్త చట్టం తెచ్చుకున్నారు. కాగితం మీద సరే, గిన్నెలు ఎవరు తోముతున్నారు? పెద్దక్క కార్యక్రమంలో 'స్థానికులతో సంభాషణ' అనే గడిలో దీన్ని చేర్చింది.

తిరిగొచ్చేటప్పుడు బావగారి కోసం చుట్టలూ రమ్మూ కొనకండి. 2020 సెప్టెంబరు నుంచి వాటిని సామానులో పెట్టుకుని అమెరికాలోకి తీసుకురానివ్వరు. పుస్తకాలు, పాటల సీడీలు, చిత్రకారులు వేసిన బొమ్మలు తెచ్చుకోవచ్చు, వాటికి అడ్డులేదు. బొమ్మ కొన్నచోట రసీదు రాయించుకోవడం మరిచిపోకండి, అది కూడా ఆ పదేళ్ళ పుస్తకంలోకే వెళ్ళాలి.