అడిగితేనే పలికే ప్రోగ్రాం

నల్లగొండ ప్రాంతపు చేనేతలో టై అండ్ డై చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పే ఈ పనిలో ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు కదలాలి. తల్లి లక్ష్మి పడే బాధను చూడలేక, నాటి నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించారు. తరువాత దానికి మైక్రోకంట్రోలర్‌ను జోడించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఇటువంటి యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం లెక్క తప్పిందనుకొందాం. దారం ఒక్క మేకు తప్పినా, రంగులద్దాక చీరపై పువ్వు చెదిరిపోతుంది; పట్టూ, శ్రమా వృథా అవుతాయి. తప్పు ఎక్కడ జరిగిందో ప్రోగ్రాం తనంత తాను చెప్పదు. అందుచేత ‘ఇది ఎన్నో మేకు, ఎన్నో చుట్టు’ అని కంప్యూటరు తెరపై చూపే ఆదేశాలను అందులో ముందుగానే చేర్చాలి. ఆ సమాచారాన్నే డీబగ్ అవుట్‌పుట్ అంటారు.

అయితే ప్రతి కదలికకూ ఒక పంక్తి వెలువడితే, 9,000 పంక్తుల నడుమ అసలు తప్పు మరుగున పడుతుంది. పని వేగమూ తగ్గుతుంది. కాబట్టి దానికొక మీట అవసరం. ‘డీబగ్’ అనే చలరాశి విలువ 1 అయితే వివరాలు వస్తాయి. 0 అయితే రావు. మామూలు వేళల్లో అది 0గానే ఉండాలి. సి భాషలోనైతే, కంపైల్ చేసేటప్పుడే ఆ ఆదేశాలను పక్కన పెట్టే వీలు కూడా ఉంది.

తప్పు దొరికిందని ఈ ఆదేశాలను చెరిపివేయరాదు. మరొకనాడు మరొక తప్పు ఎదురైతే మీట వేస్తే చాలు. ప్రోగ్రాం తాను నడిచిన దారిని తానే చెబుతుంది.