ఆఫ్రికా ఐక్యత: ఒప్పందాలు ముందు, రోడ్లు తర్వాత

ఆఫ్రికా దేశాలన్నీ ఒక్కటి కావాలన్న ఆలోచనకు మొదట రూపమిచ్చింది ఆఫ్రికాలో ఉన్నవాళ్లు కాదు, కరీబియన్ దీవుల్లోనూ అమెరికాలోనూ ఉన్న నల్లజాతి మేధావులు. ట్రినిడాడ్ న్యాయవాది హెన్రీ సిల్వెస్టర్ విలియమ్స్ 1900లో లండన్‌లో తొలి పాన్ ఆఫ్రికన్ సదస్సు జరిపారు. ఆ తర్వాత అమెరికన్ పండితుడు డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్ ఆ ఉద్యమాన్ని దశాబ్దాల పాటు నడిపారు. 1945లో మాంచెస్టర్‌లో జరిగిన ఐదో మహాసభ నాటికి ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు ముందు వరుసలోకి చేరారు. వారిలో క్వామే ఎన్‌క్రుమా ఆ తర్వాత ఘనాకు, జోమో కెన్యాట్టా కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చాక తొలి అధినేతలయ్యారు.

1957లో ఘనా స్వతంత్రమైంది. 1960లో ఒక్క ఏడాదిలోనే 17 దేశాలు స్వాతంత్ర్యం పొందాయి. కలవాలా వద్దా అన్న మీమాంస అప్పటికి ఎవరికీ లేదు. ఎంతవరకు, ఎంత త్వరగా అన్నదగ్గరే పేచీ వచ్చింది. ఒక్కో దేశం ఒక్కో పంటనో ఖనిజాన్నో అమ్ముకుని బతుకుతుంటే పాత యజమానుల చేతిలోనే ఉండిపోతామని ఎన్‌క్రుమా వాదన. ఖండానికంతటికీ ఒకే ప్రభుత్వం, ఒకే సైన్యం, ఒకే ద్రవ్యం ఉండాలని ఆయన పట్టుబట్టారు. ఘనా, గినీ, మాలి, ఈజిప్టు, మొరాకో తదితరులది కాసాబ్లాంకా వర్గం. నైజీరియా, లైబీరియా వంటి దేశాలది మన్రోవియా వర్గం. నిన్నగాక మొన్న దక్కిన అధికారాన్ని మరో రాజధానికి అప్పగించడం ఈ రెండో వర్గానికి ససేమిరా ఇష్టం లేదు. టాంజానియా నాయకుడు జూలియస్ నైరేరే ముందు ఇరుగుపొరుగు దేశాలు కలవాలని, ఖండం సంగతి తర్వాత చూసుకోవచ్చని చెప్పారు.

1963 మే 25న అడిస్ అబాబాలో 32 దేశాలు ఆఫ్రికా ఐక్యతా సంస్థ నిబంధనావళిపై సంతకం చేశాయి. ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ రెండు వర్గాలనూ ఒకచోట కూర్చోబెట్టారు గానీ, కాగితం మీదికి ఎక్కింది మాత్రం మన్రోవియా మాటే: ఎవరి సార్వభౌమత్వం వారిది, ఒకరి ఇంటి విషయాల్లో మరొకరు తలదూర్చకూడదు. మరుసటి ఏడాది కైరోలో, వలస పాలకులు గీసిన సరిహద్దుల్నే అలాగే ఉంచుకోవాలని తీర్మానించారు. 1884-85 బెర్లిన్ సదస్సు తర్వాత యూరప్ దేశాలు గీసుకున్న గీతలవి. సోమాలీలను అవి ఐదు పాలనల కింద చీల్చాయి, ఎవే జాతిని ఘనాకూ టోగోకూ పంచాయి. అలాంటి గీతల్ని ఎందుకు ఒప్పుకున్నారని తప్పుపట్టడం తేలికే. కానీ ఒక్క గీతను కదిపితే వందచోట్ల యుద్ధాలు రాజుకునేవి. సోమాలియా, మొరాకో మాత్రం ఆ తీర్మానాన్ని అంగీకరించలేదు.

ఆ సంస్థ సాధించినది తక్కువేమీ కాదు. దారెస్సలాం కేంద్రంగా పనిచేసిన దాని విముక్తి కమిటీ మొజాంబిక్, అంగోలా, జింబాబ్వే, దక్షిణాఫ్రికా పోరాటాలకు డబ్బు, శిక్షణ, ఆశ్రయం సమకూర్చింది. అయితే తలదూర్చకూడదన్న నియమం నియంతలకు కవచమైంది. సొంత ప్రజల్ని ఊచకోత కోస్తున్న ఉగాండా నియంత ఇదీ అమీన్‌ను 1975లో సంస్థ అధ్యక్ష పీఠంపై కూర్చోబెట్టారు. ఉగాండాలో జరిగిన ఆ సమావేశాన్ని నైరేరే బహిష్కరించారు.

ఆ నియమాన్ని సడలించడానికే ఆఫ్రికన్ యూనియన్ పుట్టింది. 1999లో లిబియాలోని సిర్తెలో ఆ దేశ నేత గడాఫీ చొరవతో నిర్ణయం జరిగి, 2002లో డర్బన్‌లో అది మొదలైంది. ఇప్పుడు 55 సభ్యదేశాలున్నాయి. నరమేధం, యుద్ధ నేరాలు జరిగితే సభ్యదేశంలో జోక్యం చేసుకునే హక్కు దాని రాజ్యాంగ పత్రంలోని నాలుగో అధికరణంలో ఉంది. ఆ హక్కును నిజంగా వాడాల్సిన ఘడియ వచ్చేసరికి మాత్రం గుండె చాలలేదు. 2015 చివర్లో, హింస చెలరేగిన బురుండీకి 5,000 మంది సైనికుల్ని పంపాలని యూనియన్ భద్రతా మండలి నిశ్చయించింది. బురుండీ ఒప్పుకోనంది. మరుసటి నెల దేశాధినేతలు సమావేశమై వెనక్కి తగ్గారు.

ఆర్థిక ఐక్యత కథ ఇంతకంటే మెల్లగా సాగింది. ఆఫ్రికా దేశాల వాణిజ్యంలో తమలో తాము జరుపుకునేది సుమారు 15 శాతమే. యూరప్‌లో ఆ వాటా సగానికి పైమాటే. దీనికి మూలం నేల మీదే కనిపిస్తుంది. వలస కాలపు రైలు మార్గాలు గని నుంచి రేవుకు వేసినవి, ఊరి నుంచి పొరుగు దేశపు ఊరికి వేసినవి కావు. పైగా ఒకరి గేజి (పట్టాల మధ్య వెడల్పు) మరొకరికి కుదరదు. చైనా సాయంతో 1970ల్లో వేసిన, టాంజానియా, జాంబియాలను కలిపే 1,860 కిలోమీటర్ల టజారా మార్గం గేజి 1,067 మిల్లీమీటర్లు. టాంజానియాలో అప్పటికే ఉన్న మార్గాలు మీటర్ గేజివి. రెండూ కలిసే కిడాటు వద్ద సరుకును ఒక రైలు నుంచి దించి మరో రైలుకు ఎక్కించాలి. సరుకుల సంగతీ అంతే. ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనాలే పండిస్తున్నా, లాభమున్న చాక్లెట్ తయారీ చాలావరకు యూరప్‌లోనే జరుగుతోంది. ఇరుగుపొరుగు దేశాలు రెండూ ఒకే పంట పండిస్తే ఒకరికొకరు అమ్ముకునేదేముంటుంది?

రోడ్డు రవాణాకూ ఇలాంటి అడ్డంకులే. బోట్స్వానా, జాంబియాల మధ్య జాంబెజి నదిపై కజుంగులా వద్ద దశాబ్దాలపాటు బల్లకట్టే దిక్కు. లారీలు గట్టున రోజుల తరబడి బారులు తీరేవి. 2021 మేలో అక్కడ 923 మీటర్ల వంతెన తెరిచారు. రెండు దేశాల సరిహద్దు కలిసేది ఆ నదిలో దాదాపు 150 మీటర్ల మేరే. పక్కనే జింబాబ్వే. ఆ దేశపు హద్దులోకి వెళ్లకుండా ఉండేందుకు వంతెనను వంపు తిప్పి కట్టారు. వందేళ్లనాటి సరిహద్దు గీతకు ఇంజినీర్లు కట్టిన సుంకం అనవచ్చు దాన్ని. ఇరువైపులా ఒకేచోట తనిఖీ ముగించే ఏర్పాటూ ఉంది. ఒక్కచోట ఆగితే చాలనే ఈ పద్ధతి జాంబియా, జింబాబ్వేల మధ్య చిరుండులో 2009లోనే మొదలైంది.

ఖండానికంటే ముందు ప్రాంతాలు కలవాలన్న నైరేరే మాట ప్రకారమే చాలా కూటములు వచ్చాయి. పశ్చిమాన ఎకోవాస్ 1975లో ఏర్పడింది. కెన్యా, ఉగాండా, టాంజానియా 1967లో తూర్పు ఆఫ్రికా సమాజాన్ని పెట్టుకుని రైల్వే, విమానసంస్థ, తపాలా ఉమ్మడిగా నడిపాయి. లాభమంతా కెన్యాకే పోతోందన్న అనుమానం, అమీన్ పాలన కలిసి 1977లో దాన్ని కూల్చేశాయి. 2000లో అది మళ్లీ లేచింది. 2005 నుంచి కస్టమ్స్ కూటమిగా నడుస్తూ, మిగతావాటికంటే లోతైన కలయిక సాధించింది. చిక్కేమిటంటే ఒక్కో దేశం రెండు మూడు కూటముల్లో ఉంటుంది. టాంజానియా తూర్పు సమాజంలోనూ, దక్షిణాది కూటమి సాడక్‌లోనూ సభ్యురాలు. ఎక్కడి నియమాలు ఎప్పుడు వర్తిస్తాయో తేల్చుకోవడమే కస్టమ్స్ అధికారులకు పెద్ద పని.

ఈ ముడులన్నీ విప్పాలని 2018 మార్చి 21న కిగాలీలో 44 దేశాలు ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంత ఒప్పందంపై సంతకం చేశాయి. తర్వాత ఎరిట్రియా తప్ప అన్నీ సంతకం పెట్టాయి. సచివాలయం ఘనా రాజధాని అక్రాలో ఉంది. సుంకాల పట్టికలోని 90 శాతం సరుకులపై సుంకాన్ని దశలవారీగా ఎత్తేయాలి. గడువు సాధారణ దేశాలకు 5 ఏళ్లు, వెనకబడిన దేశాలకు 10 ఏళ్లు. మరో 7 శాతానికి ఎక్కువ వ్యవధి, 3 శాతానికి మినహాయింపు. ఇది పూర్తిగా అమలైతే 2035 నాటికి 3 కోట్ల మంది కటిక పేదరికం నుంచి బయటపడతారని ప్రపంచ బ్యాంకు అంచనా.

సంతకం ఒకటి, ఆచరణ ఒకటి. నైజీరియా 2019 జులైలో ఒప్పందంపై సంతకం పెట్టింది. ఆగస్టులో బెనిన్ వైపు సరిహద్దు మూసేసింది. దొంగదారిన వచ్చే బియ్యం స్థానిక రైతుల్ని ముంచుతోందన్నది కారణం. ఘనా వ్యాపారుల లారీలు కూడా బెనిన్ వైపే నిలిచిపోయాయి. 2020 డిసెంబరు దాకా ఆ గేట్లు తెరుచుకోలేదు. ఖండంలోని అతిపెద్ద ఆర్థిక వ్యవస్థల్లో ఒకటి ఇలా చేస్తే చిన్న దేశాలు ఏం నేర్చుకుంటాయో చెప్పనక్కర్లేదు. చిన్న దేశాల భయం కూడా నిజమైనదే. వాటి ఖజానాకు దిగుమతి సుంకం ముఖ్య ఆదాయం, దాన్ని ఎత్తేస్తే జీతాలకే ఇబ్బంది. ఇక ఏది ఆఫ్రికాలో తయారైనట్టు, ఏది చైనా నుంచి వచ్చి పేరు మార్చుకున్నట్టు అన్న మూలస్థాన నియమాలపై, ముఖ్యంగా బట్టలు, వాహనాల విషయంలో, బేరసారాలు ఏళ్లపాటు సాగాయి. 2021 జనవరిలో వాణిజ్యం మొదలైనట్టు ప్రకటించినా, 2022 అక్టోబరులో కెన్యా, ఘనా, ఈజిప్టు వంటి 8 దేశాలతో నమూనాగా చేపట్టిన కార్యక్రమంలో గానీ కొత్త పత్రాలతో సరుకు కదల్లేదు. టీ, కాఫీ, బ్యాటరీలు, టైల్స్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి.

డబ్బు చెల్లింపు మరో అడ్డంకి. ఒక ఆఫ్రికా దేశపు కొనుగోలుదారు పక్క దేశానికి చెల్లించాలన్నా ముందు డాలర్లు కొనాలి, ఆ సొమ్ము ఖండం బయటి బ్యాంకుల మీదుగా తిరిగి రావాలి. 2022లో మొదలైన పాప్స్ అనే చెల్లింపుల వ్యవస్థ ఎవరి ద్రవ్యంలో వారు ఇచ్చిపుచ్చుకునేలా ఉద్దేశించినది. మనుషుల రాకపోకలైతే ఇంకా వెనకే ఉన్నాయి. స్వేచ్ఛగా తిరిగేందుకు 2018లోనే చేసుకున్న ఒప్పందాన్ని ఆమోదించిన దేశాలు చాలా తక్కువ.

ఇంత జరుగుతున్నా ఆఫ్రికన్ యూనియన్ తన ఖర్చు తాను పూర్తిగా భరించలేకపోతోంది. అడిస్ అబాబాలోని ప్రధాన కార్యాలయ భవనాన్ని 20 కోట్ల డాలర్లతో చైనా కట్టించి 2012లో కానుకగా ఇచ్చింది. కార్యక్రమాల ఖర్చులో పెద్ద వాటా విదేశీ దాతలదే. అర్హమైన దిగుమతులపై 0.2 శాతం వసూలు చేసి యూనియన్‌కు ఇవ్వాలని 2016లో కిగాలీలో నిర్ణయించినా, అన్ని దేశాలూ పాటించడం లేదు. బయట మాత్రం గౌరవం పెరిగింది. 2023 సెప్టెంబరులో ఢిల్లీ శిఖరాగ్ర సదస్సులో ఆఫ్రికన్ యూనియన్‌కు జి20లో శాశ్వత సభ్యత్వం దక్కింది.

అదే కాలంలో పశ్చిమాన చీలిక వచ్చింది. సైనిక పాలనలోకి వెళ్లిన మాలి, బుర్కినా ఫాసో, నైజర్ మూడూ ఎకోవాస్ విధించిన ఆంక్షలకు ఆగ్రహించి, 2024 జనవరిలో వైదొలగుతున్నట్టు ప్రకటించాయి. ఏడాది గడిచాక, 2025 జనవరి 29న ఆ నిష్క్రమణ అమల్లోకి వచ్చింది. కానీ ఆ మూడూ సముద్రం లేని దేశాలు. వాటి సరుకు అబిజాన్, లోమే, కోటోనూ వంటి పొరుగు రేవుల మీదుగానే రావాలి. యూరోతో ముడిపడిన సీఎఫ్ఏ ఫ్రాంకును సెనెగల్, ఐవరీ కోస్ట్‌లతో పాటు అవీ వాడుతున్నాయి. ఎకోవాస్‌ను వీడినా, ఆ ద్రవ్య కూటమి నుంచి మాత్రం అవి బయటికి రాలేదు.