తూర్పు హైదరాబాదులో నీటిరంగుల చిత్రలేఖనం

నీటిలో కరిగే రంగులతో కాగితంపై చిత్రాలు వేసే పద్ధతిని నీటిరంగుల చిత్రలేఖనం అంటారు. మెత్తని రంగుపొడిని తుమ్మజిగురుతో కలిపి ఈ రంగులను తయారుచేస్తారు. సామగ్రి తక్కువ, వెంట తీసుకుపోవడం సులువు. కనుక ఆరుబయట కూర్చుని కట్టడాలను, పల్లె దృశ్యాలను చిత్రించే ఔత్సాహికులకు ఇది అనువైన మాధ్యమం. హైదరాబాదు తూర్పుభాగాన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పరిసరాలలో పాత కట్టడాలు, చెరువులు, బండరాళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఈ ప్రాంతం వేగంగా మారుతున్నందున ఇక్కడ వేసిన చిత్రం స్థలచరిత్రకు ఆధారం కూడా కాగలదు.

చరిత్ర

ఫోటోగ్రఫీ రాకముందు కట్టడాల రూపాన్ని నమోదు చేయడానికి నీటిరంగులు ముఖ్య సాధనంగా ఉండేవి. 1786 - 1793 మధ్య భారతదేశంలో పర్యటించిన ఆంగ్ల చిత్రకారులు థామస్ డేనియల్, విలియం డేనియల్ తాము ఇక్కడ గీసుకున్న చిత్రాల ఆధారంగా "ఓరియంటల్ సీనరీ" సంపుటాలను ప్రచురించారు. తెలుగువారిలో రాజమండ్రికి చెందిన దామెర్ల రామారావు (1897 - 1925) నీటిరంగులలో ప్రసిద్ధుడు. తెలంగాణ బండరాళ్ళ అందాన్ని చిత్రాలలో చూపినవారిలో కొండపల్లి శేషగిరిరావు (1924 - 2012) ముఖ్యుడు.

చిత్రించే పద్ధతి

నీటిరంగులు పారదర్శకమైనవి. సాధారణంగా తెల్లరంగు వాడరు, కాగితపు తెలుపే వెలుగు. అందువల్ల ఎండ పడే గోడను ఎక్కడ ఖాళీగా వదలాలో ముందే నిర్ణయించుకోవాలి. ఒకసారి ముదురు రంగు వేసిన చోటును మళ్ళీ పూర్తిగా తెల్లగా చేయడం కష్టం. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు గల కాగితం తడికి అంతగా ముడతపడదు.

* ముందు పెన్సిల్‌తో క్షితిజరేఖను, కట్టడపు ముఖ్యరేఖలను తేలికగా గీయాలి.
* ఆకాశాన్ని, దూరపు చెట్లను తడి కాగితంపై పలుచగా వేయాలి. అంచులు మెత్తగా కలిసిపోతాయి.
* ఆ పూత ఆరిన తరువాత గోడలు, కిటికీలు వేయాలి. అంచులు స్పష్టంగా వస్తాయి.
* చివరగా ముదురు నీడలు వేయాలి.

అల్ట్రామెరైన్ నీలాన్ని, బర్న్‌ట్ సియెన్నా అనే గోధుమరంగును కలిపితే బండరాళ్ళకు సరిపోయే బూడిదరంగు వస్తుంది. వేసవిలో రంగు త్వరగా ఆరిపోయి అనవసరమైన గీతలు ఏర్పడతాయి. కావున ఉదయపు వేళ అనుకూలం. అప్పుడు నీడలు పొడవుగా ఉండి కట్టడపు ఆకారం కూడా బాగా తెలుస్తుంది.

చిత్రించదగిన స్థలాలు

* అస్మాన్‌గఢ్: పైగా వంశీయుడు, హైదరాబాదు దివానుగా పనిచేసిన అస్మాన్‌జా గుట్టపై కట్టించిన భవనం. కోట వంటి బురుజులున్నాయి.
* రేమండ్ సమాధి: నిజాం సైన్యంలో పనిచేసి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని స్మారకం. మూసారాంబాగ్ అనే పేరు ఇతని పేరు నుండే వచ్చిందని చెబుతారు.
* విక్టోరియా మెమోరియల్ హోం: ఆరవ నిజాం కాలపు భవనం, తరువాత అనాథాశ్రమమయింది.
* సరూర్‌నగర్ చెరువు: నీటిలో ప్రతిబింబాలు వేయడం నేర్చుకోవడానికి అనువైనది.
* మహావీర్ హరిణ వనస్థలి: వనస్థలిపురం వద్ద ఉన్న జాతీయ ఉద్యానవనం. ఇక్కడి గడ్డినేలలు, పొదలు నగరానికి పూర్వపు ప్రకృతిని గుర్తుచేస్తాయి.

ఎల్.బి.నగర్ నుండి విజయవాడ రహదారిలో వెళ్ళి భూదాన్ పోచంపల్లి చేరవచ్చు. నాగార్జునసాగర్ రహదారిలో ఇబ్రహీంపట్నం చెరువు ఉన్నది.

మారుతున్న దృశ్యం

రేమండ్ సమాధి వద్ద ఉన్న స్తంభాల మండపం 2001లో కూలిపోగా తరువాత పునర్నిర్మించారు. 2018లో ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు ప్రారంభమైంది. ఆ మార్గపు స్తంభాలతో ప్రధాన రహదారి రూపమే మారిపోయింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును 2022లో ఖాళీ చేయించి, ఆ స్థలాన్ని ఆసుపత్రికి కేటాయించారు. అందువల్ల చిత్రం వెనుక స్థలం, తేదీ, చిత్రకారుడు కూర్చున్న దిక్కు రాసి ఉంచడం అవసరం. ఆ వివరాలు ఉంటే సాధారణ ఔత్సాహికుని చిత్రం నుండి కూడా ఒక వీధి లేదా చెరువుగట్టు పూర్వరూపాన్ని తరువాతివారు గుర్తించగలరు.