కందిలో ఎండు తెగులు: మేలు చేసే బ్యాక్టీరియాను విత్తనంతోనే పంపాలి

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో కంది పూత, కాయ దశకు వచ్చేసరికి అక్కడక్కడా మొక్కలు వాడి ఎండిపోతుంటాయి. వర్షాధార పంట కాబట్టి చాలామంది బెట్ట అనుకుంటారు. బెట్ట అయితే చేనంతా వాడుతుంది, వాన పడితే తేరుకుంటుంది. ఎండు తెగులైతే పదును ఉన్నా, పక్క మొక్క పచ్చగా ఉండగానే మొక్క చనిపోతుంది. అనుమానముంటే కాండాన్ని మొదలు దగ్గర నిలువుగా చీల్చి చూడండి. లోపల నల్లటి చారలుంటే ఫ్యుజేరియం ఉడమ్ అనే శిలీంధ్రం సోకినట్లే.

ఇది వేరులోకి చొరబడి నీరు పైకి వెళ్లే నాళాలను మూసేస్తుంది. వాడిన మొక్కకు మొదట్లో ఏ మందు పోసినా లేవదు, ఆ డబ్బు దండగ. కట్టె కోసుకుని మోళ్లు నేలలో వదిలేయడం మన దగ్గర అలవాటు. శిలీంధ్రం మూడేళ్ల వరకు బతికేది ఆ మోళ్లలోనే.

సూడోమోనాస్ ఫ్లోరిసెన్స్ నేలలో సహజంగా ఉండే బ్యాక్టీరియా. విత్తనానికి పట్టిస్తే మొలకతో పాటే లేత వేరు మీద స్థిరపడుతుంది. వేరు చుట్టూ ఉన్న ఇనుమును శిలీంధ్రానికి అందకుండా పట్టేసుకుంటుంది, దాని పెరుగుదలను ఆపే పదార్థాలు వదులుతుంది, మొక్కలో రోగనిరోధక శక్తినీ పెంచుతుంది. శిలీంధ్రం కన్నా ముందు వేరును చేరితేనే ఇదంతా జరుగుతుంది.

కిలో విత్తనానికి 10 గ్రాముల పొడిని పలుచని బెల్లం నీటితో పట్టించి, నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తుకోవాలి. రైజోబియం కూడా పట్టించవచ్చు. రాగి మందులు, స్ట్రెప్టోసైక్లిన్ మాత్రం కలపకండి, బ్యాక్టీరియా చస్తుంది. ముందు ఏడు తెగులు వచ్చిన చేలో ఎకరాకు 2 కిలోల పొడిని 100 కిలోల బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి విత్తే ముందు వేయాలి. పదును లేని దుక్కిలో ఎండకు చల్లితే ఫలితం ఉండదు, వాన పడేదాకా ఆగండి. కొనేటప్పుడు ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి.

తెగులు బాగా ముదిరిన నేలలో బ్యాక్టీరియా ఒక్కటే సరిపోదు. ఐసిపిఎల్ 87119 (ఆశ) వంటి తట్టుకునే రకం వేసుకోవాలి. జొన్న అంతరపంటగా ఉంటే తెగులు తగ్గుతుంది. ఏటా కందే వేసిన చేలో మూడేళ్లు జొన్న, సజ్జ వేయడం మంచిది. ఎండిన మొక్కలను వేళ్లతో పీకి కాల్చేయండి. చీల్చిన కాండం చూసినా తేల్చుకోలేకపోతే ఆ ముక్కను రైతు సేవా కేంద్రంలో గానీ, దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ చూపించండి.