బయానా ఎవరి సొమ్ము?

ఒకరి సొమ్మును మరొకరు అధర్మంగా కబళించరాదని, ఇరుపక్షాల ఇష్టపూర్వకమైన అంగీకారంతో సాగే వ్యాపారం మాత్రమే ధర్మసమ్మతమని దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరా 29వ ఆయతు విశ్వాసులకు బోధిస్తున్నది. ఈ ఆయతు భావం మాకు చిన్ననాటి నుంచీ తెలిసినదే. అయితే ఒక కారు కొనబోయి మానుకొన్న తరువాత గాని దాని బరువు మాకు పూర్తిగా అర్థం కాలేదు. పాఠకులలో ఎందరికో ఇటువంటి చిక్కు ఎదురై ఉంటుంది, లేదా రేపు ఎదురు కావచ్చును. అందుకే మా అనుభవాన్ని, ఆ సందర్భంలో తెలుసుకొన్న విషయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

కారు అవసరం ఎందుకు వచ్చింది?

మేము గుమ్మలక్ష్మీపురంలో చిరకాలంగా చిన్న దుకాణం నడుపుకొంటున్న కుటుంబానికి చెందినవారము. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో మాది కొండల నడుమ ఉన్న మండలం. సవరలు, జాతాపులు అధికంగా నివసించే ప్రాంతం. పెద్ద ఆసుపత్రి అంటే మాకు విశాఖపట్నమే. కురుపాం, పార్వతీపురం మీదుగా బస్సులు మారుతూ వెళ్లవలసి ఉంటుంది. మా అమ్మీకి మూత్రపిండాల జబ్బు ముదిరి తరచుగా విశాఖకు తీసుకువెళ్లవలసి రావడంతో ఒక చిన్న కారు కొనడమే మేలని ఇంటిల్లిపాదీ తీర్మానించుకొన్నాము.

మైదాన ప్రాంతంలోని ఒక పట్టణంలో, పేరు చెప్పడం అనవసరమైన ఒక షోరూముకు వెళ్లాము. మా వద్ద ఉన్న సొమ్ము కారు ధరలో సగానికి మించదు. వడ్డీ అప్పు తీసుకోబోమని ముందే స్పష్టంగా చెప్పాము. అక్కడి ఉద్యోగి చిరునవ్వుతో, మిగిలిన సొమ్మును వడ్డీ లేని వాయిదాలలో కట్టవచ్చునని అభయమిచ్చాడు. ఆ మాట నమ్మి 25,000 రూపాయలు అడ్వాన్సు చెల్లించి, అతడు చూపిన చోటల్లా సంతకాలు చేసి ఇంటికి వచ్చాము.

పది రోజుల తరువాత ఫైనాన్సు సంస్థ కాగితాలు వచ్చాయి. వాయిదాలన్నీ కూడి చూస్తే అసలు కంటే చాలా ఎక్కువ తేలింది. వడ్డీ శాతం కూడా అందులో వ్రాసే ఉన్నది. అమ్మకందారుడు స్వయంగా, వాయిదాల మీద ఇంత ధర అని ముందే నిర్ణయించి అమ్మితే ధర్మవేత్తలు దానిని సమ్మతించారు. ఇక్కడ జరిగినది అది కాదు. మూడవ వ్యక్తి అప్పు ఇచ్చి దానిపై వడ్డీ గుంజడమే. సున్నా శాతం వడ్డీ అనేది వాస్తవంలో లేనే లేదని భారత రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించిన సంగతి మాకు అప్పటికి తెలియదు.

ఆ రాత్రి ఇంట్లో చర్చ జరిగింది. అమ్మీ మంచం మీద నుంచే మాట తేల్చివేసింది. ‘‘నా ప్రాణం నిలబెట్టడానికి నా ఇంట్లోకి వడ్డీ తేవద్దు. బస్సులోనే వెళదాం’’ అన్నది. మరునాడే కారు వద్దని షోరూముకు తెలియజేశాము.

చిన్న అక్షరాలు

అడ్వాన్సు తిరిగి రాదని వారి సమాధానం. మేము సంతకం చేసిన బుకింగ్ ఫారం వెనుక వైపున, కళ్లద్దాలు పెట్టుకొన్నా కనిపించనంత చిన్న అక్షరాలలో ఆ షరతు ఉన్నది. రెండుసార్లు అంతదూరం వెళ్లాము. మొదటిసారి మేనేజరు లేడన్నారు. రెండవసారి, దయతలచి సగం ఇస్తామన్నారు.

ఇరవై అయిదు వేలు కొందరికి పెద్ద మొత్తం కాకపోవచ్చును. మాకు అది అమ్మీ మందులకు మూడు నెలల ఖర్చు. పోనీలే అని వదిలివేయడానికి మనసు ఒప్పలేదు. అదే సమయంలో, చదవకుండా సంతకం చేసిన తప్పు మాదే కదా, ఇచ్చిన మాట తప్పినది మేమే కదా అన్న శంక కూడా వేధించింది. ఒప్పందాలను నెరవేర్చమని మాయిదా సూరా మొదటి ఆయతు ఆదేశిస్తున్నది. కనుక డబ్బు అడగడానికి ముందు, ఆ డబ్బు ధర్మప్రకారం మాదేనా అన్నది తేల్చుకోదలచాము.

షరీఅత్ దృష్టిలో

మనం నిత్యం వాడే ‘బయానా’ అన్న మాట ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చినది. దాని మూలం అరబీలో అమ్మకం అన్న అర్థమిచ్చే ‘బయ్’. పాత తెలుగులో దీనినే సంచకరువు అన్నారు. కొనుగోలుదారు వెనక్కి తగ్గితే ఈ సొమ్ము అమ్మకందారుకే దక్కాలన్న షరతుతో జరిగే బేరాన్ని ఫిఖ్‌హ్ గ్రంథాలు ‘బయ్ అల్ ఉర్బూన్’ అని పేర్కొన్నాయి.

ఈ విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉన్నది. దైవప్రవక్త (స) ఉర్బూన్ బేరాన్ని వారించారన్న ఉల్లేఖనం ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఉన్నది. హనఫీ, మాలికీ, షాఫయీ పండితులలో అత్యధికులు దానిని ఆధారం చేసుకొని, ప్రతిఫలం ఏమీ ఇవ్వకుండా ఎదుటివాని సొమ్ము ఉంచుకోవడం తగదన్నారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ ఆ ఉల్లేఖన పరంపర బలహీనమని భావించి, ఇటువంటి బేరాన్ని అనుమతించారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో నాఫె బిన్ అబ్దుల్ హారిస్ మక్కాలో చెరసాల కొరకు సఫ్వాన్ బిన్ ఉమయ్యా ఇంటిని బేరమాడినప్పుడు, ఖలీఫా అంగీకరించకుంటే సఫ్వాన్‌కు నాలుగు వందలు దక్కేలా షరతు పెట్టుకొన్న సంఘటన ఆయనకు ఆధారం. 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ కూడా, వేచి ఉండే గడువు నిర్ణీతంగా ఉన్నప్పుడు ఉర్బూన్ చెల్లుతుందని తీర్మానించింది.

రెండు పక్షాల వాదనలను పరిశీలిస్తే ఒక అంశం స్పష్టమవుతుంది. అనుమతించినవారు సైతం, ఎదురుచూపు వల్ల అమ్మకందారుకు కలిగే ఇబ్బందిని, తెలిసి చేసుకొన్న షరతును దృష్టిలో ఉంచుకొన్నారు. ఒకరిని మాటలతో భ్రమపెట్టి పుచ్చుకొన్న సొమ్ముకు ఏ పక్షమూ రక్షణ కల్పించదు. వీటన్నిటికీ పైన ‘ఇఖాలా’ అన్న ఉన్నత మర్యాద ఉన్నది. చేసుకొన్న బేరం పట్ల పశ్చాత్తాపపడిన వానిని దాని నుంచి విముక్తుణ్ణి చేసిన వ్యక్తి పొరపాట్లను అల్లాహ్ ప్రళయదినాన మన్నిస్తాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చినట్లు అబూదావూద్, ఇబ్నె మాజా హదీసు గ్రంథాలలో ఉన్నది.

మా మనసుకు ఊరట కలిగింది. షోరూము వారికి నిజంగా అయిన ఖర్చు వారిది, మిగిలినది మాది అన్న నిర్ణయానికి వచ్చాము.

చట్టం దృష్టిలో

దేశ చట్టం కూడా ఇంచుమించు ఇదే చెప్పడం మాకు ఆశ్చర్యం కలిగించింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో ఎంత జరిమానా వ్రాసుకొన్నప్పటికీ, దానికి లోబడి సమంజసమైన పరిహారం మాత్రమే లభిస్తుంది.

సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేయడానికి 1947లో ఒప్పందం కుదుర్చుకొన్న మౌలా బక్ష్ అనే కాంట్రాక్టరు 10,000, 8,500 రూపాయల చొప్పున ధరావతులు చెల్లించాడు. సరఫరాలో లోపం జరిగిందని ప్రభుత్వం ఆ రెండింటినీ జప్తు చేసింది. తనకు కలిగిన నష్టాన్ని ప్రభుత్వం నిరూపించలేదు కనుక ఆ సొమ్ము తిరిగి ఇవ్వవలసిందేనని 1969లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నష్టమే లేనిచోట ధరావతు జప్తు చెల్లదని కైలాష్‌నాథ్ అసోసియేట్స్ వ్యాజ్యంలో 2015 జనవరిలో అదే న్యాయస్థానం మళ్లీ స్పష్టం చేసింది.

అయితే ఒక హెచ్చరిక. కొనుగోలుదారు అకారణంగా మాట తప్పినప్పుడు, బేరానికి గుర్తుగా ఇచ్చిన కొద్దిపాటి బయానాను అమ్మకందారు ఉంచుకోవడం సమంజసమేనని ఆ మౌలా బక్ష్ తీర్పులోనే ఉన్నది. కావున బుద్ధి మారిన ప్రతిసారీ డబ్బు తిరిగి వస్తుందని భావించరాదు. మా విషయంలో వడ్డీ లేదన్న తప్పుడు హామీ వల్లనే ఒప్పందం జరిగింది. పైగా కారు మా పేరిట రిజిస్ట్రేషను కాలేదు, బిల్లు కూడా తయారు కాలేదు.

జీఎస్టీ కట్టివేశామని షోరూము వారు ఒక దశలో అన్నారు. సరుకుల అమ్మకంపై ముందుగా పుచ్చుకొనే అడ్వాన్సుకు ఆ దశలో జీఎస్టీ చెల్లించనవసరం లేదని 2017 నవంబరు 15న కేంద్ర ప్రభుత్వం ప్రకటన జారీ చేసింది. ఆ సంగతి ప్రస్తావించగానే ఆ వాదన ఆగిపోయింది.

2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మన వంటి మారుమూల ప్రాంతాల వారికి గొప్ప వెసులుబాటు కల్పించింది. షోరూము ఎక్కడ ఉన్నప్పటికీ, ఫిర్యాదుదారు తాను నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. చెల్లించిన మొత్తం అయిదు లక్షలకు మించకుంటే రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. స్వయంగా నడుపుకొని జీవించడానికి టాక్సీయో ఆటోయో కొనుక్కొనే వ్యక్తి కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే.

మేము మొదట షోరూముకు రిజిస్టర్డు పోస్టులో లేఖ వ్రాశాము. పదిహేను రోజులు గడువు ఇచ్చాము. నిజంగా అయిన ఖర్చు ఉంటే రసీదులతో చూపితే మినహాయించుకోవచ్చునని అందులోనే పేర్కొన్నాము. ఒక మిత్రుడు తొమ్మిది శాతం వడ్డీ కూడా అడగమన్నాడు. వడ్డీ వద్దని వచ్చినవారము వడ్డీ ఎలా అడుగుతామని ఆ మాట వ్రాయలేదు. గడువు ముగిసినా జవాబు రాకపోవడంతో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించాము. కమిషన్ మెట్లు ఎక్కవలసిన అవసరం రాలేదు. రుణ దరఖాస్తు కాగితాలకు అయిన 600 రూపాయలకు రసీదు చూపి, మిగిలిన 24,400 రూపాయలు మా ఖాతాకు జమ చేశారు. లేఖ వ్రాసిన నాటి నుంచి ఏడు వారాలు పట్టింది. అల్ హందులిల్లాహ్.

మా దుకాణంలోని బయానా

ఇంతటితో ముగిస్తే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం ఉండేది కాదు.

లేఖ వ్రాస్తున్న రోజున అబ్బాజాన్ దానిని చదివించుకొని విన్నారు. చాలాసేపు మౌనంగా ఉండి, ‘‘మన పాత ఖాతా పుస్తకం తీసుకురండి’’ అన్నారు. అందులో నిరుటి సంతనాటి పద్దు ఒకటి ఉన్నది. కొండ మీది గూడెం నుంచి వచ్చిన ఒక సవర వృద్ధుడు కూతురి పెళ్లికి ఇనుప బీరువా కొంటానని 1,500 రూపాయలు బయానా ఇచ్చాడు. ఆ ఏడు జీడిమామిడి కాపు దెబ్బతిన్నది. బీరువా కొనలేనని చెప్పి వెళ్లిపోయాడు. డబ్బు అడగలేదు. మేము ఇవ్వనూ లేదు. ఆ బీరువాను మరుసటి వారమే అదే ధరకు మరొకరికి అమ్మివేశాము. మాకు కలిగిన నష్టం ఏమీ లేదు.

షోరూము వారి ఫారం మీద చిన్న అక్షరాలైనా ఉన్నాయి. మా పుస్తకంలో అవి కూడా లేవు. బయానా తిరిగి ఇవ్వకపోవడం దుకాణాల ఆనవాయితీ అనుకొని మేము ఏనాడూ ఆలోచించలేదు. అడగడం తెలియనివాని సొమ్ము కావడం వల్లనే అది మా పెట్టెలో నిశ్చింతగా పడి ఉన్నది.

మరుసటి సంతనాడు అతనిని వెదికి పట్టుకొని 1,500 రూపాయలు చేతిలో పెట్టాము. అతడు నోట్ల వంక, మా ముఖాల వంక మార్చి మార్చి చూశాడు. ‘‘అవి పోనాయనుకున్నాను సాయిబుగారూ’’ అన్నాడు. మమ్మల్ని క్షమించమని అబ్బాజాన్ అతని చేతులు పట్టుకొన్నారు. అప్పటికి షోరూము నుంచి మా డబ్బు ఇంకా రాలేదు. రాకపోయినా ఆ పని చేయవలసినదే.

ఆ పుస్తకంలో ఇటువంటి పద్దులు మరో నాలుగు తేలాయి. మూడింటిని తీర్చాము. నాల్గవ వ్యక్తి మరణించాడని తెలిసి అతని కుమారునికి అందజేశాము.

పాఠకులకు మనవి

బకరా సూరా 282వ ఆయతు అప్పుల లావాదేవీలను వ్రాసి పెట్టుకోమని ఆదేశిస్తున్నది. ఆ స్ఫూర్తితో కొన్ని జాగ్రత్తలు పాటించడం మేలు.

1. అడ్వాన్సు ఇచ్చే ముందు, కొనుగోలు రద్దయితే ఎంత తిరిగి ఇస్తారో, ఎన్నాళ్లలో ఇస్తారో రసీదు మీదనే వ్రాయించుకోండి.

2. నోటిమాటగా ఇచ్చిన హామీని, ముఖ్యంగా వడ్డీ విషయాన్ని, ఫారం మీద వ్రాయించిన తరువాతనే సంతకం చేయండి.

3. అడ్వాన్సును బ్యాంకు ద్వారా, సంస్థ పేరిట ఉన్న ఖాతాకు మాత్రమే చెల్లించండి. ఉద్యోగి సొంత ఖాతాకు పంపవద్దు.

4. రద్దు చేసుకోదలిస్తే ఆలస్యం చేయక, వ్రాతపూర్వకంగా తెలియజేయండి. ఆలస్యమైన కొలదీ అమ్మకందారుకు నిజమైన నష్టం పెరుగుతుంది.

5. అతనికి న్యాయంగా అయిన ఖర్చును మినహాయించుకోవడానికి మనస్ఫూర్తిగా అంగీకరించండి.

వ్యాపారం చేసే సోదరులు మరొక పని కూడా చేయవలసి ఉన్నది. ఈ రాత్రి ఇషా నమాజు తరువాత తమ పాత ఖాతా పుస్తకాన్ని ఒకసారి తెరిచి చూడాలి. అందులో ఎవరి బయానా నిలిచి ఉన్నదో, దానికి బదులుగా మనం అతనికి ఏమి ఇచ్చామో లెక్క వేసుకోవాలి. ఏమీ ఇవ్వలేదని తేలితే, అతడు ఏ మతస్థుడైనా, ఏ గూడెంలో ఉన్నా, ఆ సొమ్ము అతనికి చేర్చాలి.

అమ్మీ ఇప్పటికీ బస్సులోనే విశాఖ వెళ్లి వస్తున్నది. ప్రయాణం కష్టమే. ఇన్షా అల్లాహ్, మిగిలిన సొమ్ము కూడినప్పుడు పాతదైనా ఒక కారు నగదుకు కొంటాము. అంతవరకు మా ఇంట్లో ఎవరి బయానా లేదన్న తృప్తి మాకు చాలు.