శ్రవణహేతువు : విన్న పాటను పరులకు వివరించు విధము

ఒక పాటను విని యానందించుట ఒకటి. ఆ పాటను మరియొకరికి పరిచయము చేసి, దీనిని ఇందులకు వినుచున్నామని తెలుపుట వేరొకటి. మొదటిది అనుభవము, రెండవది వివరణము. సంగీతప్రియులు కలిసికొన్నపుడు "ఇప్పుడేమి వినుచున్నారు?" అను ప్రశ్న సహజముగా వచ్చును. పాట పేరు, పాడినవారి పేరు వెంటనే వినవచ్చును. "ఎందులకు?" అన్నచో మాత్రము "చాల బాగున్నది", "హాయిగా నున్నది" అను మాటలతో ప్రసంగము ముగియును. ఈ మాటలలో అసత్యము లేదు. కాని యవి చెప్పువాని మనఃస్థితిని తెలుపునే కాని పాటను గూర్చి యేమియు తెలుపవు. ఆ మాటలు విన్నవాడు ఇంటికి పోయి అదే పాటను పెట్టుకొన్నను, దేనిని వినవలెనో యెరుగడు.

తెలుగు శాఖలలో అధ్యయన, అధ్యాపనములు సాగించు మనకు ఇది వినోదప్రశ్న కాదు. అన్నమాచార్యుడు, క్షేత్రయ్య, రామదాసు, త్యాగరాజు - వీరి రచనలు మన వాఙ్మయమున ముఖ్యభాగము. వీనిని మనము అచ్చుపుటలలో చదివి, పద్యములకు వలెనే అర్థతాత్పర్యములు చెప్పి, పరీక్షలలో ప్రశ్నలిచ్చుచున్నాము. గానమునకై పుట్టిన రచనను వినకయే దానిపై నిర్ణయము చేయుట యెంతవరకు యుక్తము? విన్నచో, విన్నదానిని ప్రమాణముగా చూపుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము శ్రవణహేతువును స్పష్టముగా చెప్ప నేర్చుటయందే కలదని మా యభిప్రాయము.

శ్రోతకు కలిగిన యానందమునకు గుర్తులను మన ప్రాచీనులు విస్మరింపలేదు. భరతుడు నాట్యశాస్త్రమున ప్రయోగసిద్ధిని దైవికి, మానుషి అని రెండుగా విభజించి, మానుషసిద్ధికి వాచికములును శారీరములును అగు చిహ్నములను పేర్కొన్నాడు. చిరునవ్వు, "సాధు", "అహో" అను పలుకులు, పులకించుట, ఆసనము నుండి లేచుట మొదలగునవి అట్టివి. నేటి సభలలోని "శభాష్", "భళా" అను మెచ్చుకోళ్లు, తలయూపుటలు వీని సంతతియే. ఇవి సిద్ధి కలిగినదని చాటును. ఏ కారణమున కలిగినదో చెప్పవు. అభినవగుప్తుడు సహృదయుని నిర్వచించుచు కావ్యానుశీలనాభ్యాసముచే నిర్మలమైన మనోదర్పణమును గూర్చి చెప్పెను. అద్దము నిర్మలమైనపుడు అందేమి కనబడినదో చెప్పుటయు సాధ్యము కావలెను గదా.

శ్రవణహేతువు ఇతరులకు ఉపకరింపవలెనన్న అందు మూడంశములుండవలెను. పాటలో ఏ చోట మన మనస్సు నిలిచినది? అచ్చట ఏ భావము కలిగినది? ఆ భావమునకు కర్త యెవరు? వీనిని వరుసగా స్థానము, భావము, కర్తృత్వము అని వ్యవహరింతము. మేము ఈ సంవత్సరము తరచుగా వినుచున్న మూడు రచనలను తీసికొని, ఒక్కొక్కదానియందు ఒక్కొక్క యంశమును పరిశీలింతుము.

మొదటిది త్యాగరాజు (1767-1847) ఖరహరప్రియ రాగమున రచించిన "చక్కని రాజమార్గము" అను కృతి. విశాలమైన రాజమార్గముండగా సందులలో దూరనేల యని కవి తన మనస్సును ప్రశ్నించుట పల్లవి భావము. పుటలో నిది ఒక్క వాక్యము. ఒకమారు చదివిన అర్థము తెలియును. రెండవమారు చదువ నక్కర లేదు. గానమున నట్లు కాదు. ఈ పల్లవి సంగతులకు ప్రసిద్ధము. ఒకే సాహిత్యపాదమును మరల మరల పాడుచు, ప్రతి పర్యాయమును స్వరసంచారమును కొంత పెంచుచు పోవుటయే సంగతి. మొదటి పర్యాయమున పాదము నిరాడంబరముగా నుండును. తరువాత పెరిగిన కొలది రాగస్వరూపము విప్పారును.

దీనిని మేమెందులకు వినుచున్నాము? మొండి మనస్సుతో మాటలాడువాడు ఒక్కమారు చెప్పి యూరకుండడు. చెప్పినదే చెప్పును, ప్రతిమారును స్వరము మార్చి, పట్టు పెంచి చెప్పును. ఈ పల్లవియందలి సంగతులు మాకు స్వరాలంకారములుగా మాత్రమే వినబడుట లేదు. మనస్సును ఒప్పించు ప్రయత్నముయొక్క మెట్లుగా వినబడుచున్నవి. ఇట్లు చెప్పినపుడు శ్రోతకు ఒక స్థానము లభించినది. అతడు పల్లవిని విని, సంగతి వెంట సంగతిని గమనించి, మేము చెప్పినది నిజమో కాదో తానే తేల్చుకొనగలడు. కాదనియు ననగలడు. కాదనుటకు వీలు కల్పించిన హేతువే హేతువు.

ఇచ్చట నొక జాగ్రత్త యవసరము. త్యాగరాజకృతులు వాలాజపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము మొదలగు శిష్యపరంపరలలో నిలిచినవి. సంగతుల సంఖ్యయు రూపమును అన్ని పాఠములలో నొకటి కావు. తరువాతి గాయకులు చేర్చిన సంగతులును కలవు. కావున స్థానమును చెప్పువాడు ఎవరు పాడగా విన్నాడో కూడ చెప్పవలెను. తాళపత్రప్రతులలోని పాఠభేదములను అధోజ్ఞాపికలలో చూపు పరిశోధకులకు ఈ నియమము కొత్త కాదు. స్వరపఱచిన గ్రంథములు ఇచ్చట మిక్కిలి యుపకరించును. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమున తెలుగులో ప్రకటించిన "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" గమకములకు సహితము చిహ్నములను కల్పించినది. డాక్టరు శ్రీపాద పినాకపాణి (1913-2013) "సంగీత సౌరభము" ఇటీవలి కాలమున ఇట్టి మహాప్రయత్నము. చోటును వ్రేలితో చూపగల భాష మనకు కలదని ఇవి నిరూపించుచున్నవి.

రెండవది క్షేత్రయ్య పదము. "అలిగితే" అని ప్రారంభమగు హుసేని రాగపదము చాలమందికి తెలిసినదే. నాయకుడు అలిగినచో అలుగనిమ్ము, అదియు నా భాగ్యమే యను ధోరణిలో నాయిక పలుకును. దీనిని పుటలో చదివినవారు నాయికయందు అభిమానమును, ఉపేక్షను, కొంత ధిక్కారమును చూతురు. నాయికాభేదములను నేర్చిన విద్యార్థి వెంటనే ఆమె కొక పేరు పెట్టును. మాటలవరకు అది సరియే.

కాని ఈ పదమును విలంబకాలమున, హుసేనిలో వినవలెను. హుసేని ఆర్ద్రమైన రాగము. అందలి స్వరములు ఒకదానినుండి యొకటి తెగక, తడబడుచు జారునట్లుండును. నోరు "నాకేమి లెక్క" అను తీరున పలుకుచుండగా కంఠము లెక్క యున్నదని చెప్పుచున్నది. మాటకును రాగమునకును గల ఈ వైరుధ్యమే మేము పదమును మరల మరల వినుటకు హేతువు. నాయిక సఖిని మోసగింపవచ్చును, తన్ను తాను మోసగించుకొనవచ్చును, రాగము మోసపోదు. పదమును అక్షరములలో మాత్రమే చదివినవాడు సగము పాత్రను చూచి పూర్ణపాత్రకు పేరు పెట్టినవాడగును.

ఈ సంప్రదాయము మనకు దక్కిన విధమును గూడ స్మరింపవలెను. తెలుగు పదములను చెన్నపట్టణమున వీణ ధనమ్మాళ్ (1867-1938) ఇల్లు భద్రపఱచినది. ఆమె మనుమరాండ్రు బృంద, ముక్త గాత్రమునను, బాలసరస్వతి (1918-1984) నృత్యాభినయమునను ఆ సంపదను నిలిపిరి. ఈ పరంపరలో పదమును కొన్నిమారులు అనుపల్లవితో నెత్తుకొందురు. అనుపల్లవిని ముందు విన్నచో సందర్భము మొదట తెలిసి, పల్లవి దానికి ఫలితముగా వచ్చును. అచ్చులో పల్లవి ముందుండుటచే ఫలితమే ముందు వచ్చి సందర్భము వివరణముగా మారును. కథనక్రమమే మారినపుడు భావమును మారకుండునా? తెలుగుదేశమున కళావంతుల యిండ్లలో నున్న పదాభినయమును 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టము తరువాత క్రమముగా మరుగు పడినది. పదసాహిత్యముపై పరిశోధించువారికి మిగిలిన ధ్వనిముద్రణములు గ్రంథప్రతులతో సమానమైన ఆధారములు.

మూడవది అన్నమాచార్యుల (1408-1503) సంకీర్తన "నానాటి బతుకు నాటకము". రేవతి రాగమున దీనిని వినని తెలుగువారు అరుదు. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి (1916-2004) గాత్రమున నిది దేశమంతట వ్యాపించినది. పుట్టుటయు గిట్టుటయు నిజము, నడిమి పని నాటకమను వైరాగ్యము ఐదు స్వరముల రేవతిలో గుండెను తాకును. మేమును అందులకే వినుచున్నాము. కాని ఈ తాకిడికి కర్త యెవరు?

తిరుమల సంకీర్తన భాండారమున లభించిన రాగిరేకులపై కీర్తనకు రాగనామము కలదు, స్వరరచన లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి (1888-1950), రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893-1979) మొదలగు విద్వాంసుల పరిష్కరణముచే సాహిత్యము వెలుగు చూచినది. రాళ్లపల్లివారు కొన్ని కీర్తనలకు స్వయముగా స్వరకల్పన చేసిరి. ఈ కీర్తనకు రేవతి వరుసను కూర్చినవారు నేదునూరి కృష్ణమూర్తి (1927-2014). అనగా మాట పదునైదవ శతాబ్దిది, వరుస ఇరువదవ శతాబ్దిది. "అన్నమయ్య తన వైరాగ్యమును రేవతిలో ప్రకటించెను" అని విద్యార్థి వ్రాసినచో అది చారిత్రకముగా దోషము. "నేదునూరివారు ఈ కీర్తనను వైరాగ్యప్రధానముగా చదివి, ఆ పఠనమునకు రేవతిని ఎన్నుకొనిరి" అన్నచో అది ప్రమాణవాక్యము. కాళిదాసు శ్లోకమునకు మల్లినాథుని వ్యాఖ్య వలె నేటి వరుస అన్నమయ్య సాహిత్యమునకు వ్యాఖ్య. వ్యాఖ్య యుత్తమమైనను మూలము కాదు. మూలము కానంతమాత్రమున వ్యాఖ్యకు గౌరవము తగ్గదు. ఎవరికి చెందవలసిన ప్రశంస వారికి చెందుటయే కర్తృత్వవివేకము.

ఈ మూడింటికి లొంగని హేతు వింకొకటి కలదు. అది స్మృతి. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైన తరువాత "భక్తిరంజని" అనేక కుటుంబములకు ప్రాతఃకాలముతో ముడివడినది. ఆ పాటలను నేడు వినువారిలో పలువురికి రాగముకంటె ముందు ఇంటి వాకిలి, తల్లి కంఠము జ్ఞప్తికి వచ్చును. ఇది తక్కువ హేతువని మేమనము. కాని దీనిని స్మృతిగానే చెప్పవలెను. "ఈ పాట నాకు మా యింటిని గుర్తు చేయును" అనుట సత్యము. "కావున ఈ పాట యుత్తమము" అనుట తర్కము కాదు.

సంగీతశాస్త్రము తెలియనివారు స్థానమును చూపుట యెట్లు అని యాక్షేపింపవచ్చును. స్వరనామము తెలియనక్కర లేదు. "ఫలాని మాట రెండవసారి వచ్చినపుడు", "చరణము ముగిసి పల్లవికి మరలినపుడు" అని చెప్పుటకు సాహిత్యజ్ఞానమును శ్రద్ధయు చాలును. విమర్శించినచో రసభంగమగునను వారును కలరు. పద్యమును అన్వయించి చెప్పినంతమాత్రమున దాని రసము తరుగలేదని మన తరగతిగదులే సాక్ష్యము. పూర్వము ఒక కచేరి ముగిసినతోడనే దాని ప్రమాణమును ముగిసెడిది. నేడు ధ్వనిముద్రణములు చేతిలోని ఫోనునందే లభించుచున్నవి. ఒక్క పాదమును పదిమార్లు విని సరిచూచుకొనుటకు వీలున్నది. ఇంత సౌకర్యమున్నను "బాగున్నది" వద్దనే నిలిచిపోవుట మన యుపేక్షయే.

కావున గేయసాహిత్యమును బోధించు తరగతులలో వారమున కొకమారు ఒక విద్యార్థి తాను వినుచున్న రచనను వినిపించి, పాడినవారి పేరును, మనస్సు నిలిచిన చోటును, అచ్చటి భావమును, ఆ భావమునకు కర్తను తెలుపు పద్ధతిని ప్రవేశపెట్టుట మేలు. తక్కిన విద్యార్థులు అదే చోటును మరల విని, అంగీకరింతురు లేదా ఖండింతురు. వ్రాతప్రతికి పాఠనిర్ణయము చేయునపుడు మనము పాటించు నిష్ఠ చెవికిని అలవడినచో, గేయములపై మన పరిశోధనవ్యాసములలో "మధురముగా నున్నది" అను వాక్యము తగ్గి, ఆ మాధుర్యముండు చోటును చూపు వాక్యములు పెరుగును.